బండి మనది... లెక్క ఎవరిది?

ఆవకాయ జాడీలో నూనె ఎంత పైకి తేలితే ముక్క బూజు పట్టకుండా ఉంటుందో నాకు తెలుసు. గ్యాస్ సిలిండరు ఏ తేదీన మార్చానో క్యాలెండరు మీద రాసి ఉంటుంది. పాల లెక్క, చీటీ లెక్క, అమ్మాయి స్కూలు ఫీజు ఏ నెలలో ఎంత కట్టామో అడిగితే నిద్రలో లేపినా చెబుతాను. కానీ "మీ బండికి ఆయిల్ ఎప్పుడు మార్పించారు?" అని అడిగితే మాత్రం నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే... "మావారినడగాలి."

ఆ బండి నడిపేది మావారు కాదు, నేను. ఎనిమిదేళ్లుగా అమ్మాయిని స్కూల్లో దింపినా, సప్తగిరి సర్కిల్ దాకా వెళ్లి కూరగాయలు తెచ్చినా, కథ పోస్టు చేయడానికి పరుగెత్తినా నా స్కూటర్ మీదే. పెట్రోలు పోయించేది నేనే. టైరులో గాలి చూసుకునేదీ నేనే. ఆయిల్ సంగతి మాత్రం మగవాళ్ల శాఖ అనుకున్నాను. మావారేమో నడిపేది ఆవిడే కదా, ఆవిడే చూసుకుంటుందనుకున్నారు. మా ఇద్దరి మధ్యా ఆ ఇంజన్ ఎండిపోయింది!

ఆ మధ్యాహ్నం

రెండేళ్ల కిందటి మే నెల. మా అమ్మ కళ్యాణదుర్గం పక్కన పల్లెలో ఒక్కతే ఉంటుంది. నాయన పోయాక అనంతపురం వచ్చి మా దగ్గర ఉండమంటే వినదు. "నా ఇల్లు, నా చింతచెట్టు ఇడిసి యాడికి రాను?" అంటుంది. ఆరోజు పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మ పెరట్లో జారిపడిందనీ, లేవలేకపోతోందనీ చెప్పింది. మావారు క్యాంపులో ఉన్నారు. బస్సుకు ఇంకా గంట టైముంది. నేను ఆలోచించలేదు. తలకు తుండు చుట్టుకుని, దానిమీద హెల్మెట్ పెట్టుకుని బండి తీశాను. సుమారు 60 కిలోమీటర్ల దారి.

ఆత్మకూరు దాటాక ఇంజన్ శబ్దం మారింది. గింజలు వేయించే బాణలిలో రాయి పడ్డట్టు టకటకమంది. ఎండకేమోలే అనుకుని ఇంకాస్త యాక్సిలరేటర్ తిప్పాను. రెండు నిమిషాల్లో బండి జర్కిచ్చి నిలిచిపోయింది. కిక్కర్ నొక్కితే కదలదు. రాయి మీద కాలు వేసినట్టుంది. చుట్టూ ఎర్రనేల. కోసేసిన వేరుశనగ చేలల్లో దుమ్ము సుళ్లు తిరుగుతోంది. నీడకు ఒక్క తుమ్మచెట్టు. అక్కడ నిలబడి చెయ్యి ఊపితే ఎప్పటికో ఒక ఆటో ఆగింది. నేను అమ్మ దగ్గరికి చేరేసరికి రెండున్నర గంటలు ఆలస్యమైంది.

అమ్మ తొంటి ఎముక చిట్లింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మంచం మీదికి చేర్చి, గొంతులో మజ్జిగ పోసి, నేను వస్తానని నా కోసం చూస్తూ కూర్చున్నారు. దేవుడి దయవల్ల అమ్మ కోలుకుంది. కానీ నన్ను చూడగానే ఆమె అన్న మొదటి మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఏం మా, బండి యాడ ఇడిసొచ్చినావు?"

"సుక్క లేదక్కా దీంట్లో!"

మర్నాడు బండిని ట్రాలీలో వేసుకుని మెకానిక్ షెడ్డుకు తెచ్చాం. ఆ అబ్బాయి కింద బోల్టు విప్పి డబ్బా పెట్టాడు. పూర్తిగా కారాల్సిన ఆయిల్ బదులు, తారు ముద్దలాంటిది కాస్త జారింది.

"అక్కా, ఆయిల్ యాడుందక్కా దీంట్లో? సుక్క లేదు! ఎప్పుడు మార్పించినారు?"

నేను మావారి వంక చూశాను. ఆయన నా వంక చూశారు. "మొన్న సంక్రాంతికి సర్వీసింగ్ చేయించాం కదా" అన్నారాయన. "అది వాటర్ సర్వీసు సార్! కడిగిచ్చినారు, అంతే!" అన్నాడు అబ్బాయి.

చెప్పొద్దూ, సిగ్గుతో తల వంగిపోయింది. బండి తళతళా మెరుస్తుంటే లోపల కూడా బాగుందనుకునే వాళ్లం మనలో ఎంతమంది ఉన్నారో! ఇల్లు ఊడ్చి ముగ్గేసి, వంటింట్లో ఎసరు లేని గిన్నె పొయ్యి మీద పెట్టినట్టన్నమాట. పిస్టన్ బోరుకు అతుక్కుపోయింది. ఇంజన్ విప్పి, బోరు వేయించి, కొత్త పిస్టన్ పెట్టించి, అంతా కలిపి తొమ్మిది వేలు దాటింది. వేళకు మార్పించి ఉంటే ఒక డబ్బా ఆయిల్‌కు మూడు నాలుగు వందలయ్యేది. డబ్బు పోతే పోయింది. ఆ రెండున్నర గంటలు మాత్రం ఎవరు తిరిగి ఇస్తారు?

ట్రంకుపెట్టెలో మూడు గళ్ల పుస్తకం

అమ్మ మంచం మీద ఉన్న ఆ నెలన్నరా నేను పల్లెలోనే ఉన్నాను. ఒకరోజు నాయన ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత రూళ్ల నోటుబుక్కు దొరికింది. మా నాయన స్కూలు టీచరు. ఆయనకొక పాత బుల్లెట్ ఉండేది. దాని చప్పుడు ఊరి బయట వినిపించగానే అమ్మ పొయ్యి మీద కాఫీనీళ్లు పెట్టేది. ఆ పుస్తకం ఆ బండి జాతకం! పేజీకి మూడు గళ్లు. పైన "ఇం", "చై", "గే" అని పొడి అక్షరాలు. కింద తేదీలు, కిలోమీటర్లు.

మెకానిక్ అబ్బాయికి చూపిస్తే విప్పి చెప్పాడు. ఇంజన్, చైన్ కేసు, గేరుబాక్సు. పాత బుల్లెట్‌లో ఈ మూడూ మూడు వేరు వేరు గదులు. ఒకదాని ఆయిల్ ఇంకొకదానికి పోదు. ఇంజన్‌లో పిస్టన్‌కూ దాని కింది భాగాలకూ ఒక ఆయిల్. ఇంజన్ శక్తిని క్లచ్‌కు అందించే చైన్ ఉండే కేసులో ఒక ఆయిల్. గేర్ల పెట్టెలో ఇంకా చిక్కటిది ఒకటి. 1955లో మద్రాసులో బుల్లెట్ల తయారీకి శ్రీకారం చుట్టినప్పటి నుంచి అర్ధశతాబ్దం పైనే ఆ పద్ధతి నడిచింది. 2008, 2009 తర్వాత వచ్చిన కొత్త ఇంజన్లలో మూడు గదులూ ఒకటై, ఒకే ఆయిల్ అన్నిటికీ సరిపోయేలా చేశారు. అమెరికావాళ్ల హార్లే డేవిడ్‌సన్ పెద్ద మోటార్ సైకిళ్లలో మాత్రం నేటికీ మూడు ఆయిళ్లూ వేరే.

పుస్తకం చూస్తే నాయన ఇంజన్ ఆయిల్ రెండు వేల కిలోమీటర్లకోసారి మార్చారు. చైన్ కేసుది ఐదు వేలకు. గేరుబాక్సుది పది వేలకు. మూడూ ఒకేసారి ఎందుకు మార్చలేదు? ఆలోచిస్తే మన వంటింటి జవాబే దొరుకుతుంది. బజ్జీలు వేయించిన నూనె, పోపు డబ్బా పక్కన సీసాలో ఉన్న నూనె ఒకేలా పాడవుతాయా? ఇంజన్ లోపల నిప్పు మండుతుంది. ఆ మసి, సగం కాలిన పెట్రోలు, నీటి ఆవిరి అన్నీ ఇంజన్ ఆయిల్‌లోనే కలుస్తాయి. అందుకే అది తొందరగా చెడుతుంది. చైన్ కేసులో నిప్పు లేదు కానీ క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి చేరుతుంది. గేరుబాక్సులో అదీ లేదు. పళ్ల చక్రాలు అరిగిన సన్నని ఇనుప రజను తప్ప వేరే మురికి రాదు. కాబట్టి అది అన్నిటికంటే ఎక్కువ కాలం ఆగుతుంది. హార్లే బండ్లలోనూ ఇదే వరస. ఇంజన్‌కు సుమారు 8 వేల కిలోమీటర్లు, ప్రైమరీ అనే చైన్ కేసుకు దానికి రెట్టింపు, గేరుబాక్సుకు నాలుగింతలు. దేశం మారినా నిప్పు పక్కన ఉన్నదే ముందు మాడేది!

ఇంతకీ ఆ పుస్తకంలో నన్ను కదిలించింది అంకెలు కాదు. దస్తూరి. నాయన అక్షరాలు కుదురుగా, బడి బోర్డు మీద రాసినట్టుంటాయి. ఇవి అవి కావు. ఒంకర టింకరగా, 'వ'కూ 'న'కూ తేడా తెలియకుండా... అవి అమ్మవి! ఐదో తరగతితో చదువాపిన అమ్మవి!

అడిగితే నవ్వింది. "మీ నాయన సేతులు ఆయిల్ మసి గదా. పుస్తకం ముట్టుకుంటే పాడైతాదని నన్ను రాయమంటాండె. ఆయప్ప మీటరు సూసి సెప్తాండె, నేను రాస్తాంటి. రాసి రాసి నాకే గుర్తుండిపాయ. 'మాస్టరూ, ఇంజన్ ఆయిల్ దినాలు దగ్గరికొచ్చె' అని నేనే జ్ఞాపకం చేస్తాంటి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మా?"

"నువ్వు అడిగితివా? నీకు బండుంది, మొగుడుండాడు. సూసుకుంటాండారనుకుంటి."

జీవితంలో ఒక్కసారి కూడా హ్యాండిల్ పట్టుకోని ఆవిడకు బండి లెక్క తెలుసు. డిగ్రీ చదివి, కథలు రాసి, ఎనిమిదేళ్లు బండి తోలిన నాకు తెలియదు! చిన్నప్పుడు నాయన ఆయిల్ మారుస్తుంటే అన్నను పక్కన కూర్చోబెట్టుకునేవారు. నేను వెళితే "నీకెందుకమ్మా, గౌనుకు మసి అంటుతుంది" అనేవారు, ప్రేమగానే. ఆ ప్రేమ మాట పట్టుకుని ముప్పై ఏళ్లు దూరంగా ఉండిపోయాను.

మన స్కూటర్లలో ఏముంటుంది?

అమ్మ పక్కన కూర్చుని, తర్వాత మెకానిక్ షెడ్డులో నిలబడి నేర్చుకున్నది మీకూ చెబుతాను.

మామూలు మోటార్ సైకిల్‌లో ఇంజన్‌కూ క్లచ్‌కూ గేర్లకూ ఒకే ఆయిల్. క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే కారు ఆయిల్ ఇంట్లో మిగిలింది కదా అని మోటార్ సైకిల్‌లో పోయకూడదు. కొన్ని కారు ఆయిళ్లలో ఉండే మరీ జారుడు మందులవల్ల క్లచ్ పట్టు తప్పుతుంది. మోటార్ సైకిల్ ఆయిల్ డబ్బా మీద 'ఎం.ఏ.' అనే అక్షరాలు ఉంటాయి, చూడండి.

మనం నడిపే గేర్లు లేని స్కూటర్లు వేరు. వాటిలో ఇంజన్‌కూ వెనక చక్రానికీ మధ్య బెల్టు ఉంటుంది. క్లచ్ పొడిగా ఉంటుంది. కాబట్టి వాటికి 'ఎం.బి.' రకం ఆయిల్ వాడమంటారు. ఇంకో సంగతి. స్కూటర్‌లో ఒకటి కాదు, రెండు ఆయిళ్లు! ఇంజన్ ఆయిల్ ఒకటైతే, వెనక చక్రం దగ్గర చిన్న పళ్ల చక్రాల పెట్టెకు గేర్ ఆయిల్ ఇంకొకటి. అది చిన్న సీసాడే, నూరు నూట ఇరవై మిల్లీలీటర్లు. చాలామందికి అది ఉందనే తెలియదు. నా బండిలో అది కొన్ననాటిదే ఉందట!

మా వీధికి కూరగాయలు తెచ్చే ఆమెది టీవీఎస్ ఎక్స్‌ఎల్. ముందు తక్కెడ, వెనక రెండు గంపలు. పాత ఎక్స్‌ఎల్ రెండు స్ట్రోకుల బండి. దానికి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లు. ఆ ఆయిల్ పెట్రోలుతోపాటే కాలిపోయేది. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 నాలుగు స్ట్రోకుల బండి. దాని ఆయిల్ ఇంజన్ కింద ఉంటుంది, మార్చాలి. కానీ పాత అలవాటు పోదు కదా! "ఆయిల్ పెట్రోల్‌లోనే పోతాది గదమ్మా, మళ్లీ మార్చేదేంది?" అందామె. నా కథ చెప్పాక అదేరోజు షెడ్డుకు పంపాను. ఆమెకు ఆ బండి ఆగితే ఆ పూట అమ్మకం ఆగినట్టే.

ఎన్నాళ్లకు మార్చాలి?

కొత్త బండి అయితే మొదటి ఆయిల్ 500 నుంచి 1000 కిలోమీటర్ల లోపే మార్చేస్తారు. కొత్త ఇనుము ఒరుసుకుని వచ్చిన రజను అందులో ఉంటుంది. ఆ ఫ్రీ సర్వీసును బద్ధకించకండి.

ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లకనేది బండినిబట్టి మారుతుంది. కంపెనీ ఇచ్చే చిన్న పుస్తకాల్లో మూడు వేలు, ఆరు వేలు, కొన్ని కొత్త బండ్లకు పది వేలు కూడా ఉంటుంది. మెకానిక్కులు మాత్రం రెండు మూడు వేలకే మార్చమంటారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? పుస్తకమే ప్రమాణం. అయితే అదే పుస్తకంలో, దుమ్ము ఎక్కువ ఉన్నచోట ఇంకా ముందుగా చూడమని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మన అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వాన లేని నెలలన్నీ దుమ్ము నెలలే! ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, మూసుకుపోయినా ఆ ఎర్రదుమ్ము లోపలికి పోయి, ఆయిల్‌తో కలిసి గరుకు కాగితంలా పిస్టన్‌ను అరగదీస్తుంది. కాబట్టి ఆయిల్ మార్పించినప్పుడల్లా ఎయిర్ ఫిల్టర్ కూడా తీయించి చూడండి.

"నా బండి ఎక్కడ తిరుగుతుందండీ! స్కూలు దాకా, మార్కెట్ దాకా" అంటారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి కొద్దికొద్దిగా తిరిగే బండి ఆయిలే త్వరగా చెడుతుంది. రెండు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే ఇంజన్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై బయటికి పోదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది. అందుకే కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికి ఒక్కసారైనా మార్చాల్సిందే. నేను పెట్టుకున్న లెక్క చెబుతాను. ఇంజన్ ఆయిల్ 2,500 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందొస్తే అది. స్కూటర్ గేర్ ఆయిల్ ఏడాదికోసారి. మీది మీ బండి పుస్తకం చూసి పెట్టుకోండి. బ్యాటరీ స్కూటర్ కొన్నవాళ్లకు ఇంజన్ ఆయిల్ బాధ లేదు. వాళ్లు అదృష్టవంతులు!

మార్చడం ఒక్కటే కాదు, మధ్యలో చూసుకోవాలి కూడా. పాతబడిన ఇంజన్ కొంత ఆయిల్‌ను తాగేస్తుంది. నా బండిలో జరిగింది అదే. చాలా చిన్న బండ్లకు ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్రలైటు ఉండదు. అది చెప్పాల్సింది మన కళ్లే.

సర్కారు 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చింది. మంచిదే. కానీ మన పల్లెల్లో బస్సు రోడ్డు నుంచి ఊళ్లోకి రెండు మూడు కిలోమీటర్లు నడవాల్సిన చోట్లు ఎన్ని లేవు! టీచరమ్మలు, నర్సమ్మలు, అంగన్‌వాడీ వర్కర్లు, పాలమ్మే ఆడవాళ్లు... వీళ్లందరికీ బండే కాళ్లు. మరి మన కాళ్ల సంగతి ఇంకొకరి జ్ఞాపకశక్తికి వదిలేయవచ్చా?

గుర్తుంచుకోండి

• నెలకోసారి బండిని సమతలం మీద మెయిన్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకు ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూడండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. చాలా స్కూటర్లలో పుల్లను మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి.

• ఆయిల్ నల్లబడిందని కంగారు వద్దు. మసిని మోయడం దాని పనే. పాలు కలిసిన కాఫీలా కనిపిస్తే మాత్రం నీళ్లు చేరాయన్నమాట. వెంటనే చూపించండి.

• డబ్బా సీలు మీ ఎదుటే విప్పమనండి. ఖాళీ డబ్బాను నొక్కి పాడుచేయించండి, మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా.

• వాటర్ సర్వీసు వేరు, ఆయిల్ సర్వీసు వేరు.

• శబ్దం మారినా, నీలిపొగ వచ్చినా బండి ఆపండి. ఇంకాస్త తిప్పి చూద్దామనే నాలాంటి తెలివి వద్దు.

• తీసిన నల్ల ఆయిల్‌ను కాలువలో, నేలమీద పోయనీయకండి. షెడ్డులో డ్రమ్ములో చేర్చమనండి. నీటిచుక్క విలువ మనకు ఒకరు చెప్పాలా!

ఇప్పుడు మా వంటింట్లో పాల లెక్క పక్కనే ఇంకో చిన్న పుస్తకం వేలాడుతోంది. పేజీకి రెండు గళ్లు, "ఇం", "గే" అని. మొదటి పేజీ నేను రాశాను. రెండో పేజీ నుంచి మా అమ్మాయి రాస్తోంది. పోయిన వారం ఆయిల్ పుల్ల తుడుస్తూ దాని యూనిఫాంకు మసి అంటించుకుంది. నేను ఏమీ అనలేదు. సర్ఫ్ పెడితే పోతుంది.

అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని తిరుగుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది.

"ఏం మా, ఆయిల్ దినాలు ఎంత దూరముండాయి?"

పుస్తకం చూడకుండానే జవాబు చెబుతున్నాను.